నెరిసిన గడ్డానికి నామోషీ ఎందుకు?

రంజాన్ నెలకు ముందు ఒక శుక్రవారం. జుమా నమాజు ముగించుకొని మసీదు మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుండగా మా వీధి దర్జీ భాయి కలిశారు. ముప్పై ఏళ్ళుగా మా ఇంటిల్లిపాదికీ పండుగ బట్టలు కుట్టిన మనిషి. సలాము, కుశలప్రశ్నలు అయ్యాక "ఈసారి పండుగకు గిరాకీ ఎలా ఉంది భాయ్?" అని అడిగాం. ఆయన నవ్వారు. "గిరాకీ సంగతి తర్వాత సాహెబ్, అసలు సూదిలో దారం ఎక్కడం లేదు. సగం పని రెడీమేడ్ షాపులు పట్టుకుపోయాయి, మిగతా సగం నా కళ్ళు పట్టుకుపోతున్నాయి. ఇక మన పని అయిపోయింది" అన్నారు. వయసెంతని అడిగితే 52 అన్నారు.

యాభై రెండేళ్ళకే పని అయిపోయిందన్న ఆ మాట ఇంటికి చేరేదాకా మా చెవిలో తిరుగుతూనే ఉంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) గారికి తొలి దైవవాణి అందిన నాటికి ఆయన వయసు 40 ఏళ్ళు. మక్కా విడిచి మదీనాకు హిజ్రత్ చేసిన నాటికి 53. అంటే మా దర్జీ భాయి కంటే ఒక ఏడాది పెద్ద. పుట్టిన ఊరు, ఇల్లు, బంధువులు అన్నీ వెనక వదిలేసి కొత్త ఊళ్ళో కొత్త జీవితం మొదలుపెట్టిన వయసది. మక్కా విజయం నాటికి అరవై దాటారు. 63వ ఏట ఇహలోకం వీడారు. ఈ లెక్కలన్నీ మన పిల్లలు మదర్సాలో గడగడా అప్పజెప్పేవే. అయితే వాటిని మన వయసు పక్కన పెట్టి చూసుకునే అలవాటే మనకు లేదు. ఏ పని కోసం ఆ మహనీయుణ్ణి లోకం తలచుకుంటోందో ఆ పని యావత్తూ నలభై తర్వాత జరిగినదే.

దర్జీ భాయి కళ్ళకు వచ్చినదాన్ని తెలుగులో చత్వారం అంటారు. నలభై అంకెను చెప్పే సంస్కృత పదంలోంచి వచ్చిన మాట. కంటి లోపలి కటకం వయసుతో బిగుసుకుపోయి దగ్గరి వస్తువు మీద చూపు నిలవకపోవడమే అది. రాజుకూ వస్తుంది, రిక్షా తొక్కేవాడికీ వస్తుంది. దానికి మందు ఒక కళ్ళజోడు. కానీ మా భాయి రెండేళ్ళుగా కళ్ళజోడు పెట్టుకోలేదు. ఎందుకని అడిగితే "గిరాకీ వాళ్ళు ముసలాడనుకుంటారు" అన్నది ఆయన సమాధానం. కుట్టు వంకరపోయినా ఫరవాలేదు గానీ వయసు బయటపడకూడదు! ఈ నామోషీ ఆయన ఒక్కరిది కాదు, మనలో చాలామందిది.

దివ్యఖుర్ఆన్ అహ్‌ఖాఫ్ సూరా 15వ ఆయతులో మనిషి నలభై ఏళ్ళకు చేరుకోవడం గురించి ప్రత్యేకంగా ప్రస్తావన ఉంది. ఆ వయసుకు వచ్చినవాడు తన ప్రభువును ఏమని వేడుకుంటాడో కూడా అక్కడే ఉంది. తన మీదా తన తల్లిదండ్రుల మీదా కురిసిన మేళ్ళకు కృతజ్ఞత చూపే బుద్ధిని అడుగుతాడు, ప్రభువు మెచ్చే పనులు చేసే భాగ్యాన్ని అడుగుతాడు, తన సంతానం బాగును అడుగుతాడు. పోయిన యవ్వనం మళ్ళీ రావాలని మాత్రం అడగడు. ఒక పక్క పండిపోయిన తల్లిదండ్రులు, ఇంకో పక్క ఎదుగుతున్న పిల్లలు, నడుమ తను. నడివయసు అన్న మాటకు ఇంతకంటే సరైన అర్థం మాకు కనిపించలేదు.

మరి భయమంతా దేని గురించి? మేము చూసినంతలో మన మగవాళ్ళు ముసలితనంలో భయపడేది చావుకు కాదు. చావు మీద మనకు విశ్వాసమైనా ఉంది, కనీసం అలవాటైనా ఉంది. భయపడేది ఇంట్లో మాట చెల్లకపోవడానికి. మగపిల్లవాడు పుట్టిన రోజు నుంచే "సంపాదించేవాడు వచ్చాడు" అని వాడి చెవిలో ఊదుతాం. అజాన్ తర్వాత వాడి చెవిన పడే రెండో మాట అదేనేమో! వాడు పెద్దవాడై సాయంత్రం తెచ్చే సంచీ బరువును బట్టి ఇంట్లో గౌరవం లభిస్తుంది. పాతికేళ్ళు ఈ తూకంలో బతికినవాడికి, సంచీ తేలికపడిన రోజున తానే తేలికైపోయినట్టు అనిపించడంలో వింతేముంది? సంపాదన బాధ్యతే, కాదనం. భార్యాబిడ్డల పోషణ మగవాడి మీద ధర్మం మోపిన విధి. అయితే అదొక్కటే తన ఉనికి అనుకున్నవాడు ఉద్యోగ విరమణ నాడే సగం చచ్చిపోతాడు. తెలంగాణలో ప్రభుత్వోద్యోగుల విరమణ వయసును 2021లో 61 ఏళ్ళకూ, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 62 ఏళ్ళకూ పెంచారు. మూడేళ్ళు, రెండేళ్ళు వాయిదా పడింది అంతే. ఆ రోజు రాక మానదు. మటన్ కొట్టు, వెల్డింగు షాపు, ఆటో నడిపేవాళ్ళకైతే విరమణ అనే మాటే లేదు, నడుము ఎప్పుడు ఆగిపొమ్మంటే అప్పుడే.

ఈ బాధ అందరికంటే ఎక్కువ అనుభవిస్తున్నవారు గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన తండ్రులు. కడప, రాయచోటి, కరీంనగర్, నిజామాబాద్, హైదరాబాద్ పాతబస్తీ, ఏ మొహల్లాకు వెళ్ళినా ఇలాంటివారు ఉంటారు. ఇరవై రెండేళ్ళప్పుడు వెళ్ళినవాడు యాభై అయిదుకో అరవైకో తిరిగి వస్తాడు. తనంత తాను రావడం తక్కువ, వాళ్ళు పంపేస్తే రావడమే ఎక్కువ. కువైట్ ప్రభుత్వం 2021 ప్రారంభం నుంచి అరవై నిండి డిగ్రీ చదువు లేని విదేశీయుల పని అనుమతులను రెన్యువల్ చేయడం ఆపేసింది. 2022లో ఫీజు, బీమా షరతులతో దాన్ని సడలించింది గానీ ఈలోగా ఎందరో పెట్టే బేడా సర్దుకున్నారు. సౌదీలో 2017 జూలై నుంచి వెంట ఉన్న కుటుంబ సభ్యుల మీద తలకు నెలకు 100 రియాళ్ళ చొప్పున రుసుం మొదలై ఏటేటా పెరగడంతో ముందు భార్యాపిల్లలు వచ్చేశారు, తర్వాత తండ్రులు వచ్చారు.

వచ్చినవాడికి ఇల్లు కొత్త. ముప్పై ఏళ్ళలో అన్నీ కలిపితే ఆ ఇంట్లో అతను పడుకున్న రాత్రులు మూడు నాలుగేళ్ళకు మించవు. ప్రతిసారీ సెలవులకు వచ్చినప్పుడు అతను చుట్టం. సూట్‌కేసు చుట్టూ పిల్లలు చేరేవారు, అత్తరు సీసాలు, ఖర్జూరాలు, దుప్పట్లు పంచేవాడు. ఇప్పుడు సూట్‌కేసు లేదు, మనిషి మాత్రమే ఉన్నాడు. మాకు తెలిసిన ఒక ఇంట్లో మనవడు వాళ్ళ దాదాను వచ్చిన పదో రోజునే "దాదా, మళ్ళీ ఎప్పుడు వెళ్తావ్?" అని అడిగాడట. పిల్లవాడు అమాయకంగానే అడిగాడు. ఆయన మాత్రం ఆ రాత్రి అన్నం తినలేదు.

ఇలాంటి సమయంలో మగవాడు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. పోయిన అధికారాన్ని తనిఖీతో నిలబెట్టుకోవాలని చూస్తాడు. ఫ్రిజ్ తలుపు ఎవరు తీసి ఉంచారు, కరెంటు బిల్లు ఇంత ఎందుకొచ్చింది, కోడలు ఫోనులో ఎవరితో మాట్లాడుతోంది, కొడుకు ఇషా దాటాక ఎక్కడ తిరుగుతున్నాడు. పొద్దున్న లేచింది మొదలు ఇదే పని. ఇంటి బండిని ఒంటిచేత్తో లాగుకొచ్చిన ఇల్లాలికి ఇది ఎంత కష్టంగా ఉంటుందో ఆలోచించరు. "ఏమండీ, ఇరవై ఏళ్ళు ఈ ఇల్లు గాలికి నడిచిందా?" అని ఒక తల్లి మా ఎదుటే భర్తను అడిగింది. కోపంతో అడగలేదు, అలసటతో అడిగింది. దానికి ఆయన దగ్గర సమాధానం లేదు. మా దగ్గరా లేదు.

తిరిగి వచ్చిన తండ్రికి మేము చెప్పేదొకటే. ఒక ఏడాదిపాటు ఈ ఇంట్లో మీరు నేర్చుకోవడానికి వచ్చారనుకోండి. కూరగాయలు ఎక్కడ చవకో ఆమెకు తెలుసు, మీకు తెలియదు. ఏ బిడ్డ ఏ మాటకు నొచ్చుకుంటుందో ఆమెకు తెలుసు, మీకు తెలియదు. సంచీ పట్టుకొని ఆమె వెంట బజారుకు వెళ్ళండి. మీ కప్పు మీరు కడగండి. ఇంట్లో దైవప్రవక్త (స) ఏం చేసేవారని అడిగినప్పుడు, ఆయన ఇంటి పనుల్లో భార్యలకు సాయపడేవారని, నమాజు వేళ కాగానే లేచి వెళ్ళేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. చెప్పులు తానే కుట్టుకునేవారని, బట్టలకు మాసికలు వేసుకునేవారని కూడా ఉల్లేఖనాలున్నాయి. అరేబియా అంతా ఎవరి మాట కోసం ఎదురుచూసిందో ఆ మనిషి తన చెప్పు తాను కుట్టుకుంటే తగ్గని గౌరవం, మనం టీ కప్పు కడిగితే తగ్గుతుందా?

ఆయిషా (రజి) గారే చెప్పిన మరో సంగతి మాకు ఎంతో ఇష్టం. ఒకసారి ప్రయాణంలో వారిద్దరూ పరుగు పందెం పెట్టుకున్నారు. ఆమె గెలిచింది. కొంతకాలానికి ఆమె కాస్త ఒళ్ళు చేశాక మళ్ళీ పందెం పెట్టుకుంటే ఈసారి ఆయన గెలిచి, ఆనాటి ఓటమికి ఇది బదులని నవ్వారట. అప్పటికి ఆయనకు యాభై దాటింది. మన ఇళ్ళల్లో యాభై దాటిన మగవాడు భార్యతో నవ్వడం కూడా మానేస్తాడు. పిల్లలు పెద్దవాళ్ళయ్యారుగా, బాగుండదట. ఆ సమయానికే ఆమెకు కూడా శరీరంలో పెద్ద మార్పు వస్తుంటుంది. నెలసరి ఆగే వయసు, నిద్ర పట్టదు, ఒళ్ళంతా వేడి, చీటికీమాటికీ కన్నీళ్ళు. ఇద్దరూ ఒకే గాలివానలో చిక్కుకొని చెరో గదిలో తలుపులు వేసుకున్నట్టు ఉంటారు. ఇంకొందరు పెద్దమనుషులు ఈ వయసులోనే టీ దుకాణంలో కూర్చొని రెండో పెళ్ళి గురించి వేళాకోళాలు మొదలుపెడతారు. అది వేళాకోళమని వాళ్ళనుకుంటారు. అది ఆ ఇల్లాలి చెవికి చేరినప్పుడు ఎంత లోతుగా దిగుతుందో వాళ్ళకు తెలియదు.

ఇక దుకాణాల సంగతి. తండ్రీకొడుకులు కలిసి నడిపే షాపుల్లో గల్లాపెట్టె తాళం ఎవరి నడుముకు ఉందో చూస్తే ఆ ఇంటి కథంతా తెలిసిపోతుంది. కొడుక్కి ముప్పై అయిదేళ్ళు, ఇద్దరు బిడ్డలు. అయినా పిల్లల ఫీజుకు తండ్రి ముందు చేయి చాచాలి. తండ్రికి డెబ్బై, లెక్క తప్పుతోంది, అప్పు ఇచ్చినవాడి పేరు గుర్తుండదు. అయినా తాళం ఇవ్వడు. ఇస్తే తన పని అయిపోతుందని భయం. చివరికి ఒక రోజు ఆస్పత్రి మంచం మీద నుంచి ఆ తాళం నర్సు చేతి మీదుగా కొడుక్కి చేరుతుంది. ఎవరెవరికి ఎంతెంత బాకీ ఉందో తెలియదు, తాళంతో పాటు తగాదా కూడా అందుతుంది. బతికి ఉండగా, బుద్ధి బాగుండగా, పక్కన కూర్చొని ఒక్కో పని అప్పగిస్తూ రావడం ఓటమి కాదు. ఈ ఏడాది కొనుగోలు నీది, వచ్చే ఏడాది బాకీల వసూలు నీది అన్నట్టు. తప్పు చేస్తే చెప్పడానికి మీరు ఉంటారుగా! నష్టపోనివ్వండి, మీరు మాత్రం నష్టపోకుండానే నేర్చుకున్నారా?

హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) కథ ఈ సందర్భంలో గుర్తు చేసుకోదగ్గది. ఆయన నలభై దరిదాపుల్లో ఉండగా, వీడ్కోలు హజ్ కాలంలో, మక్కాలో తీవ్రంగా జబ్బుపడ్డారు. ఇక బతకననుకొని తన ఆస్తిలో మూడింట రెండు వంతులు దానం చేస్తానన్నారు. దైవప్రవక్త (స) వద్దన్నారు. సగం అంటే అదీ వద్దన్నారు. మూడో వంతుకు ఒప్పుకుంటూ అదే చాలా ఎక్కువన్నారు. వారసులను చేయి చాచే స్థితిలో వదిలేయడం కంటే కలిగినవారిగా వదిలివెళ్ళడం మేలని బోధించారు. వీలునామాకు మూడో వంతు హద్దు ఈ ఘటన నుంచే మనకు తెలుసు. అయితే కథ అక్కడితో అయిపోలేదు. పని అయిపోయిందనుకున్న ఆ సాద్ (రజి) కోలుకున్నారు. నాలుగైదేళ్ళ తర్వాత ఖాదిసియా యుద్ధానికి సేనాధిపతి అయ్యారు, కూఫా నగరాన్ని కట్టించారు. ఆయన పేరు చరిత్రలో నిలిపిన ఈ పనులు ఆ జబ్బు మంచం తర్వాతవే.

అప్పుల మాట వచ్చింది గనుక, నడివయసు మగవాళ్ళు ఎవరూ తలచుకోని ఒక అప్పును గుర్తు చేయాల్సి ఉంది. అదే మెహర్. మనలో ఎంతమంది భార్యకు మెహర్ చెల్లించారు? నికాహ్ రోజున ఖాజీ సాహెబు రాసుకున్న అంకె, ఆ రిజిస్టరులోనే ఉండిపోయింది. మన ఊళ్ళల్లో ఒక దృశ్యం మేము ఎన్నోసార్లు చూశాం. భర్త జనాజా నడింట్లో ఉంటుంది. ఏడుస్తున్న ఆమెను నలుగురు ఆడవాళ్ళు పట్టుకొని తెచ్చి "మెహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా" అంటారు. ఆ క్షణంలో ఏ ఆడది కాదంటుంది? అది మాఫీయా, లేక ముప్పై ఏళ్ళు సొమ్ము దగ్గర పెట్టుకొని శవం పక్కన కూర్చోబెట్టి రాయించుకున్న రసీదా? మెహర్ భార్యకు మగవాడు చెల్లించవలసిన బాకీ. మిగతా అప్పుల్లాగే ఆస్తి పంపకానికి ముందే తీరాలి. నలభై అయిదో ఏట, యాభయ్యో ఏట, ఒక సాయంత్రం ఆమెను కూర్చోబెట్టి ఆ సొమ్ము చేతిలో పెట్టండి. ఒక్కసారి కాకపోతే వాయిదాల్లో ఇవ్వండి. ఆడబిడ్డల వాటా సంగతి కూడా అప్పుడే కొడుకుల ముందు తేల్చి చెప్పండి. మీరు పోయాక వాళ్ళు చెల్లెళ్ళకు ఏదో ఇస్తారులే అనుకోవడం వట్టి భ్రమ.

ఒంటి సంగతికి వద్దాం. మన మగవాళ్ళు మోటారు సైకిలుకు వేళకు ఇంజనాయిలు మారుస్తారు గానీ, తమ రక్తం పరీక్ష చేయించుకోరు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన పెద్ద సర్వే 2023లో ప్రచురితమైంది. దాని అంచనా ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల పైచిలుకు. చాలామందికి అది ఉన్న సంగతే తెలియదు, ఎందుకంటే మొదట్లో నొప్పి ఉండదు. దావత్ బిర్యానీ, డబల్ కా మీఠా, ఆపైన పాన్, ఇవన్నీ కలిసి చేసే పని అరికాలు తిమ్మిరెక్కిన రోజున గానీ బయటపడదు. మరికొందరికి తెలిసినా దాస్తారు. సంపాదించే మగవాడు జబ్బు మనిషని తెలిస్తే బిడ్డ పెళ్ళి సంబంధం తప్పిపోతుందట!

ఈ దాపరికం రంజాన్‌లో ప్రాణాల మీదకు వస్తుంది. ఇన్సులిన్ తీసుకునే తండ్రి ఎవరికీ చెప్పకుండా రోజా ఉంటాడు. మధ్యాహ్నానికి చక్కెర పడిపోయి చెమటలు పట్టి ఒరిగిపోతాడు. రోగికి ఖుర్ఆన్ ఇచ్చిన మినహాయింపు ఉంది. బఖరా సూరాలో రోజా ఆదేశం వచ్చిన చోటే ఆ సడలింపు కూడా ఉంది. దయామయుడు ఇచ్చిన సడలింపును తీసుకోవడానికి సిగ్గెందుకు? రంజాన్‌కు నెల రెండు నెలల ముందే డాక్టరును కలిసి, రోజా ఉండవచ్చా, మందు వేళలు ఎలా మార్చుకోవాలి అని అడగాలి. వేలికి సూది గుచ్చి చక్కెర చూసుకుంటే రోజా భంగం కాదని పండితుల్లో అత్యధికులు చెబుతున్నారు.

కుటుంబమంతా చదివే పేజీ గనుక ఇంకొక మాట క్లుప్తంగా చెప్పి ముగిస్తాం. బస్టాండు గోడల మీదా, మూత్రశాలల తలుపుల మీదా హకీముల ప్రకటనలు ఎందుకు అంటించి ఉంటాయో అందరికీ తెలుసు. నడివయసులో భార్యాభర్తల మధ్య ఆ లోపం తలెత్తితే మగవాడు సిగ్గుపడి లాడ్జీ గదిలో దిగిన హకీముకు వేలు పోసి వస్తాడు. అది చాలాసార్లు మధుమేహానికో, గుండె రక్తనాళాల జబ్బుకో తొలి హెచ్చరిక. ఆ పొడి పొట్లాల్లో ఏముందో అమ్మేవాడికి కూడా తెలియదు. అసలు డాక్టరు దగ్గరికి వెళితే ముందు రక్తపోటు, చక్కెర చూస్తాడు.

జుట్టుకు రంగు వేసుకోవడం తప్పేమీ కాదు. మక్కా విజయం నాడు హజ్రత్ అబూబక్ర్ (రజి) గారి వృద్ధ తండ్రిని తీసుకువచ్చినప్పుడు, మల్లెపూవులా తెల్లబడిన ఆ తలకు రంగు మార్చమని, నలుపు మాత్రం వద్దని దైవప్రవక్త (స) చెప్పారు. మన పెద్దల గోరింటాకు గడ్డాలకు ఆధారం ఇదే. రంగు ముచ్చటగా వేసుకోండి, వయసును దాచడానికి కాదు. మోకాళ్ళు, నడుము కూడా చూసుకోవాలి. వ్యాయామం లేకపోతే నడివయసు నుంచి ఏటేటా కండ కరుగుతూ పోతుంది. ఫజర్ నమాజు అయ్యాక తిన్నగా మంచం ఎక్కకుండా అరగంట నడిస్తే ఖర్చేముంది? మసీదుల్లో కుర్చీల వరుస ప్రతి ఏడాదీ పొడవవుతోంది. అందులో నిజంగా అవసరమైనవారెందరో, పదేళ్ళు నడవక తెచ్చుకున్నవారెందరో మేము లెక్కపెట్టలేదు గానీ, అనుమానం మాత్రం ఉంది.

మనసుకు కూడా జబ్బు చేస్తుంది. దాని మాట ఎత్తితే మన ఇళ్ళల్లో ఈమాన్ తక్కువైందంటారు. 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నట్టు జాతీయ నేర గణాంకాల సంస్థ నమోదు చేసింది. వారిలో నూటికి 70 మందికి పైగా మగవాళ్ళే. మన ధర్మంలో అది ఎంత ఘోరమైన నిషిద్ధమో మళ్ళీ చెప్పనక్కర్లేదు. అయితే నిషిద్ధమని చెప్పి ఊరుకుంటే ఆ చీకటిలో ఉన్నవాడికి దారి దొరకదు. మగవాడు ఏడవకూడదన్నది ఎవరి మాట? అరవయ్యో పడిలో తన పసి కొడుకు ఇబ్రాహీం ఒడిలో ప్రాణం విడుస్తుంటే దైవప్రవక్త (స) అందరి ముందూ కన్నీరు పెట్టారు. అదేమిటని ఆశ్చర్యపోయిన సహచరుడికి అది కారుణ్యమని చెప్పారు. నిద్రపట్టక, ఎవరితోనూ మాట్లాడబుద్ధికాక, బతుకు బరువనిపించే రోజులు వారాల తరబడి సాగితే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులో కూడా మాట్లాడతారు.

అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారు 1938లో కొందరు యువకులను ఎంచుకొని వాళ్ళు ముసలివాళ్ళయ్యేదాకా జీవితాలను గమనిస్తూ వచ్చారు. యాభయ్యో ఏట తన వాళ్ళతో సంబంధాలు తృప్తిగా ఉన్నవారే ఎనభయ్యో ఏట ఆరోగ్యంగా ఉన్నట్టు తేలింది. మన వాళ్ళకు స్నేహం పెళ్ళితో ముగుస్తుంది. ఆ తర్వాత మిగిలేది వ్యాపార పరిచయాలే. ఐదు పూటలా భుజం భుజం కలిపి నిలబడే మనుషులం, సలాం ఫేరగానే చెప్పుల కోసం పరిగెత్తుతాం. పక్కనున్నవాడి కొడుకు పేరేమిటో తెలియదు.

తీరిక దొరికిన పెద్దలు సమాజ సేవలోకి రావాలని అందరూ అంటారు, మేమూ అంటాం. అయితే ఒక చిన్న మనవి. ఆఫీసులో పోయిన కుర్చీని మసీదు కమిటీలో వెతుక్కోవద్దు. అధ్యక్షుడెవరు, కార్యదర్శి ఎవరు అని అరవై దాటిన పెద్దలు పోలీసు స్టేషను దాకా వెళ్ళిన ఊళ్ళు మనకు తెలుసు. కుర్చీ లేని పనులు ఎన్నో ఉన్నాయి. స్కాలర్‌షిప్ ఫారాలు నింపలేక ఇబ్బంది పడే పిల్లలున్నారు. పాస్‌పోర్టు, ఆధార్‌లలో పేరు అక్షరాలు వేర్వేరుగా పడి తిరుగుతున్న తల్లులున్నారు. ముప్పై ఏళ్ళు దమ్మాంలో ఏసీ మెకానిక్కుగా చేసిన మనిషి ఇంటి అరుగు మీద కూర్చొని చుట్టం చూపుగా పేపరు చదువుతుంటే, అదే వీధిలో పదో తరగతి తప్పిన నలుగురు కుర్రాళ్ళు చేసే పని లేక క్యారమ్స్ ఆడుతున్నారు. ఆ రెంటి మధ్యా ఇరవై అడుగుల దూరం.

మా దర్జీ భాయి పండుగ ముందు మళ్ళీ కనిపించారు. ముక్కు మీద కళ్ళజోడు ఉంది. మిషను మీద కొడుకు కూర్చున్నాడు, కాలరు, కాజాలు తాను చూసుకుంటున్నారు. చేతి పని తెలిసినవాళ్ళు తగ్గిపోవడంతో షేర్వానీల కోసం పక్క ఊళ్ళ నుంచి కూడా వస్తున్నారట. ఆ రోజు మెట్ల దగ్గర మేము చెప్పిన మాటల్లో ఒకటి ఆయనకు పట్టుకుందన్నారు. మెహర్ ఎంతో తనకు గుర్తు లేదట. నికాహ్‌నామా కోసం ఇనప్పెట్టె అంతా తిరగేశారట. దొరకలేదు. వంటింట్లోంచి ఆమె, ఏం వెతుకుతున్నారని అడిగి, రొట్టె కాలుస్తూనే అంకె చెప్పేసిందట.